నాలుక తెగినప్పుడు చూడవలసింది రక్తాన్ని కాదు, గాయాన్ని

దేవరకొండ వైపు నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. వారి నాలుగేళ్ల అబ్బాయి మొన్న సాయంత్రం గడప తట్టుకుని బోర్లా పడ్డాడు, పళ్ళు నాలుకలో దిగాయి, చొక్కా అంతా రక్తమయింది. అత్తగారు పసుపు అద్దారు, ఊళ్ళోని ఆర్‌ఎంపీ కుట్లు తప్పవన్నారు, ఈ హడావిడి జరుగుతుండగానే రక్తం ఆగిపోయింది. ఇవాళ గాయం మీద చీములా తెల్లగా ఏదో కనిపిస్తోందట. ఇప్పుడైనా కుట్లు వేయించాలా, యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా, ఏమీ తినని పిల్లవాడికి ఏం పెట్టాలి అని వారు అడిగారు.

అమ్మా, ముందుగా మీకు కావలసిన జవాబు చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. ఆ తెల్లని పొర చీము కాదు. ఒంటి మీది పుండుకు పక్కు కట్టినట్టే నోటిలోని గాయానికి కూడా ఒక పొర కడుతుంది. లాలాజలంలో ఎప్పుడూ తడిగా ఉంటుంది కనుక అది నల్లగా గట్టిపడకుండా తెల్లగానో పసుపుపచ్చగానో మెత్తగా కనిపిస్తుంది. దానిని గుడ్డతో తుడవకండి, వేలితో గీకకండి. అది గాయం మానుతున్నదనడానికి గుర్తు. రక్తం ఆగి, పిల్లవాడు నీళ్లు మింగుతూ మాట్లాడుతూ ఉంటే యాంటీబయాటిక్ అక్కరలేదు. కుట్ల సంగతి మాత్రం గాయం ఆకారాన్ని బట్టి ఉంటుంది, దాన్ని మీరే ఎలా చూడాలో కింద చెబుతాను.

పాలమూరు, నల్లగొండ జిల్లాల ప్రభుత్వ దవాఖానాల్లో దంతవైద్యుడిగా 26 ఏళ్లు పనిచేశాను. నాలుక తెగిన పిల్లలను చంకనేసుకుని పరుగెత్తుకొచ్చే తల్లులను చూడని నెల నాకు గుర్తులేదు. వచ్చిన ప్రతి ఒక్కరూ మొదట చెప్పేది ఒకటే: గిన్నెడు రక్తం పోయింది సార్ అని. నాలుకకు రక్తం అందించే ధమని మెడలోని పెద్ద ధమని నుంచి నేరుగా చీలి వస్తుంది. నాలుక అంతా కండరమే కనుక ఆ రక్తప్రసారం కూడా దండిగా ఉంటుంది. అందుకే చిన్న చీలికకు కూడా ధారగా కారుతుంది. దానికి లాలాజలం తోడై, చెంచాడు రక్తం గిన్నెడు ఎర్రనీళ్లుగా మారుతుంది. ఇంత భయపెట్టే ఆ రక్తప్రసారమే గాయాన్ని త్వరగా మాన్పుతుంది కూడా. చేతి మీద పది పన్నెండు రోజులు పట్టే చీలిక నాలుక మీద వారంలో కలిసిపోవడం మామూలు విషయం. కనుక కారిన రక్తాన్ని చూసి గాయం తీవ్రతను కొలవకండి.

ఇప్పుడు మొదటి పది నిమిషాల సంగతి. ఈసారికి అది దాటిపోయినా, నాలుగేళ్ల పిల్లవాడున్న ఇంట్లో మళ్ళీ అవసరం రావచ్చు. పిల్లవాడిని ఒడిలో నిటారుగా కూర్చోబెట్టుకుని తల కాస్త ముందుకు వంచండి. వెల్లకిలా పడుకోబెడితే రక్తం గొంతులోకి, ఒక్కొక్కసారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కారేదాన్ని మింగనివ్వకుండా ఉమ్మించండి, ఎందుకంటే కడుపులోకి పోయిన రక్తం వికారం పుట్టించి వాంతి చేయిస్తుంది. ఆ వాంతి కాఫీ రంగులో ఉండటం, మరునాడు విరేచనం నల్లగా కావడం చూసి కడుపులో ఏదో తెగిందని బెదిరిపోయి వచ్చినవారు చాలామంది ఉన్నారు. రక్తం ఆగిన తరువాత ఒకసారి అలా కనిపిస్తే అది మింగిన రక్తమే.

ఆపై శుభ్రమైన గాజుగుడ్డను, అది లేకపోతే ఉతికి ఆరేసిన పాత నూలు గుడ్డను, మడతపెట్టి గాయం మీద ఉంచి, నాలుకను పైనుంచి ఒక వేలితో, కిందినుంచి బొటనవేలితో పట్టి నొక్కండి. తడి నాలుక జారిపోతుంది, పొడి గుడ్డతో పట్టుకుంటేనే నిలుస్తుంది. ఫోనులో పది నిమిషాలు పెట్టుకోండి, ఆ పది నిమిషాలూ గుడ్డ తీయకండి. మా డ్రెస్సింగ్ గదిలో ఎక్కువసార్లు విఫలమయ్యేది ఈ ఒక్క పనే. అర నిమిషం నొక్కి, ఆగిందా అని గుడ్డ ఎత్తి చూస్తారు, అప్పుడే కడుతున్న గడ్డ గుడ్డతోపాటు ఊడి వస్తుంది, మళ్ళీ మొదలవుతుంది. అలా పది సార్లు ఎత్తి చూసి, ఎంత నొక్కినా ఆగడం లేదంటారు. మాటిమాటికీ నోరు పుక్కిలించినా జరిగేది అదే. మొదటి పది నిమిషాలకు ఆగకపోతే కొత్త గుడ్డతో ఇంకో పది నిమిషాలు నొక్కండి, అప్పటికీ ధారగా కారుతుంటే నొక్కుతూనే దవాఖానాకు బయలుదేరండి. పిల్లవాడు నొక్కనివ్వకుండా కొరుకుతుంటే పెనుగులాడవద్దు. చల్లని నీటిలో పిండిన గుడ్డను చేతికిచ్చి నోట్లో పెట్టుకుని చప్పరించమనండి. ఐసు ముక్కను నేరుగా నోట్లో వేయకండి, ఈ వయసులో అది గొంతుకు అడ్డం పడవచ్చు. పుల్ల ఐసు ఇచ్చేటట్టయితే పుల్ల తీసేసి గిన్నెలో చిదిపి ఇవ్వడం మంచిది.

పసుపు గురించి అత్తగారిని నొప్పించకుండా చెప్పండి. చర్మం మీద చిన్న గీతకు పసుపు పెట్టడం వేరు, ఏడుస్తూ ఎగశ్వాస తీస్తున్న పిల్లవాడి నోట్లో పొడి చల్లడం వేరు. పొడి శ్వాసనాళంలోకి పోవచ్చు, పైగా ఆ రంగులో గాయం అంచులు ఎక్కడున్నాయో మాకు కనిపించవు. కాఫీ పొడి సంగతీ అంతే. తాంబూలం సున్నం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు, అది మాంసాన్ని కాలుస్తుంది. సున్నం పెట్టి తెచ్చిన ఒక పిల్ల నాలుక మీద తెగిన గాయం కంటే కాలిన మచ్చ పెద్దదిగా ఉండటం నేను చూశాను. చక్కెర పెట్టే అలవాటు మన ఊళ్ళలో బాగా ఉంది, దానితో పెద్ద హాని లేదు. అయితే రక్తాన్ని ఆపేది చక్కెర కాదు, అది కరిగేదాకా పిల్లవాడు ఏడుపు మాని నోరు మూసుకుని కూర్చోవడమే అని నా అభిప్రాయం.

ఇక కుట్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుక తెగి వచ్చిన ప్రతి పిల్లవాడికీ కుట్టు వేయాలనే అనుకునేవాణ్ణి. ఒక రాత్రి మత్తు ఇచ్చే డాక్టరు లేక, మీ బాబు వయసు పిల్లవాడిని కుట్టకుండానే ఉంచి ఉదయం రమ్మన్నాను. వాళ్ళు రాలేదు. పది రోజుల తరువాత అన్నయ్య పంటినొప్పికని వచ్చినప్పుడు ఆ చిన్నవాడిని నాలుక చాపమన్నాను. సన్నని గీత తప్ప ఏమీ లేదు. అంతకు ముందు వారమే నేను పిల్లవాడిని నలుగురితో పట్టించి కుట్టిన ఇంకొక నాలుక కూడా సరిగ్గా అలాగే మానింది, కాకపోతే ఆ పిల్లవాడు ఆ తరువాత తెల్లకోటు కనబడితే చాలు కేకలు పెట్టేవాడు. ఆనాటి నుంచి కుట్టే ముందు రెండుసార్లు ఆలోచిస్తున్నాను.

చూడవలసిన పద్ధతి ఇది. పిల్లవాడిని నోరు తెరవమనండి, నాలుక చాపమనకండి. చాపినప్పుడు కండరం సాగి ప్రతి చీలికా నోరు తెరుచుకున్నట్టు కనిపిస్తుంది. నోటిలో తన చోట విశ్రాంతిగా ఉన్న నాలుక మీద చీలిక అంచులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయా, లేక మధ్యలో సందు ఉందా అన్నదే అసలు ప్రశ్న. అంచులు ఆనుకుని, నాలుక నడుమ భాగంలో సెంటీమీటరు లోపు ఉన్న చీలిక కుట్లు లేకుండానే మానుతుంది. రెండు సెంటీమీటర్లకు మించినది, విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా తెరుచుకుని ఉండేది, నాలుక పక్క అంచును లేదా కొసను దాటి చీలినది, ముక్క తలుపు రెక్కలా వేలాడుతున్నది, పైనుంచి కిందికి ఆరపార దిగినది, సరిగ్గా నొక్కినా రక్తం ఆగనిది కుట్టవలసినవి. అంచు చీలి అలాగే మానితే నాలుక కొస రెండు పాయలుగా మిగిలిపోవచ్చు. ఈ రెండింటికీ మధ్యన ఉండే గాయాల విషయంలో డాక్టర్లలోనే భేదాభిప్రాయం ఉంది, నేను కుట్టకుండా చూడటం వైపే మొగ్గుతాను. మీ బాబు గాయం మొదటి రకానికి చెందినదైతే, రెండో రోజున, అప్పటికే మూసుకోవడం మొదలైన చీలికను కుట్టించవలసిన పనిలేదు. అంచు దాటి చీలి ఉంటే మాత్రం రేపటి దాకా ఆగకుండా ఇవాళే చూపించండి.

కుట్టవలసి వస్తే ఏం జరుగుతుందో తెలిసి ఉంటే భయం తగ్గుతుంది. వాడేది దానంతటదే కరిగిపోయే దారం, తీయించుకోవడానికి మళ్ళీ రానక్కరలేదు. మరునాటికి నాలుక వాస్తుంది కనుక కుట్లను బిగించకుండా వేస్తారు, నాలుక క్షణం ఊరుకోదు కనుక ముడి మీద ముడి ఎక్కువగా వేస్తారు. పెద్దవాళ్ళకు మత్తు సూది ఆ చోటికే ఇస్తే సరిపోతుంది, ఈ వయసు పిల్లలకు చాలాసార్లు కాసేపు మత్తులో ఉంచవలసి వస్తుంది. అందువల్ల కుట్లు పడవచ్చు అనిపించిన గాయంతో బయలుదేరేటప్పుడు ఏడుపు మాన్పడానికి దారిలో పాలు, బిస్కెట్లు పెట్టకండి. కడుపు నిండి ఉంటే మత్తు ఇవ్వడానికి గంటల తరబడి ఆగాలి. పిల్లలకు మత్తు ఇవ్వగలిగిన వాళ్ళు ఉండే చోటికే, అంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ పెద్దాసుపత్రులకు, నేరుగా వెళ్ళడం మేలు. మధ్యలో రెండు చోట్ల ఆగి చీటీలు రాయించుకుంటే పొద్దు పోతుంది.

దెబ్బ తగిలిన రోజు ఇంకొక పని మరిచిపోకూడదు, అది పళ్ళు లెక్కపెట్టడం. పన్ను ముక్క విరిగి, ఆ ముక్క నేల మీద దొరకకపోతే అది నాలుకలోనో పెదవిలోనో దిగి ఉండవచ్చు, ఎక్స్‌రేలో కనిపిస్తుంది. కుట్టిన గాయం చీముపట్టి మళ్ళీ తెరిస్తే లోపల పన్ను ముక్క దొరికిన సందర్భాలున్నాయి. మీరు ఈపాటికి చూసే ఉంటారు, చూడకపోతే ఇవాళ చూడండి.

ధనుర్వాతం సూది గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఏ దెబ్బకైనా టీటీ వేయించుకోవడం మన వైపు ఒక ఆచారమైపోయింది. మీ బాబుకు ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలూ, ఏడాదిన్నర దాటాక బూస్టరూ సమయానికి పడి ఉంటే ఇప్పుడు మళ్ళీ అవసరం లేదు. అంగన్‌వాడీలో ఇచ్చిన టీకాల కార్డు తీసి చూడండి, అందులో ఖాళీ ఉంటేనే వేయించండి.

తిండి విషయానికి వస్తే, మూడు నాలుగు రోజులు వేడి, కారం, పులుపు, గరుకు ఈ నాలుగూ వద్దు. పచ్చిపులుసు, జొన్నరొట్టె, సకినాలు, బొరుగులు అన్నీ ఆగాలి. చల్లారిన రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, మజ్జిగ, అరటిపండు, చల్లని పాలు పెట్టండి. మొదటి రోజు పిల్లలు తిండి మానేయడం సహజం, దానికి కంగారు పడనక్కరలేదు. నీళ్లు తాగడం మానేసి, మూత్రం ఆరేడు గంటలుగా పోయకపోతే మాత్రం దవాఖానాకు తీసుకుపోండి. స్ట్రా పెట్టి తాగించకండి, పీల్చినప్పుడు గడ్డ ఊడుతుంది. పెద్దవాళ్ళయితే ఒకరోజు గడిచాక గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ నెమ్మదిగా పుక్కిలించవచ్చు. మీ బాబు పుక్కిలించలేడు, తిన్న తరువాత రెండు గుక్కల మంచినీళ్లు తాగిస్తే చాలు. పళ్ళు తోమడం మాత్రం ఆపకండి, గాయం వైపు జాగ్రత్తగా తోమండి.

నొప్పికి పారాసెటమాల్ సిరప్ ఒక్కటే చాలు. మోతాదు పిల్లవాడి బరువును బట్టి ఉంటుంది, కిలోకు 15 మిల్లీగ్రాములు. 14 కిలోల పిల్లవాడికి, 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు ఉండే సీసా నుంచి 4 మిల్లీలీటర్లు ఇవ్వాలి. ఆరు గంటల ఎడంతో రోజుకు నాలుగు సార్లకు మించకూడదు. అదే మందు సగం బలంతో కూడా దొరుకుతుంది, కనుక సీసా మీది అంకె చదవకుండా మూతతో కొలిచి పోయకండి. ఐబుప్రొఫెన్ మొదటి రెండు రోజులు వద్దు, ఆస్పిరిన్ పిల్లలకు అసలే వద్దు. నాలుక మొద్దుబారేలా రాసే జెల్ కూడా చిన్నపిల్లలకు మంచిది కాదు. ఎక్కువగా మింగితే ప్రమాదం, పైగా స్పర్శ తెలియక అదే నాలుకను మళ్ళీ కొరుక్కుంటారు. పన్ను తీయడానికి మత్తు సూది వేయించుకున్న పిల్లలు ఇంటికి పోయి నాలుకనూ పెదవినీ నమిలేసుకోవడం మేము తరచూ చూసేదే. సూది తరువాత రెండు మూడు గంటలు తిండి పెట్టవద్దని మేము చెప్పేది అందుకే.

రెండు మూడు రోజుల తరువాత తగ్గవలసిన వాపు పెరుగుతున్నా, జ్వరం, దుర్వాసన, దవడ కింద గడ్డ కనిపించినా అప్పుడు డాక్టరు చూసి యాంటీబయాటిక్ రాస్తారు. ఇది తొందరపడవలసిన పరిస్థితి అయినా గంటల్లో ప్రాణం మీదికి తెచ్చేది కాదు. అలా ప్రాణం మీదికి తెచ్చేది వేరే ఉంది. నాలుక వేగంగా వాచి సొంగ కూడా మింగలేకపోవడం, గొంతు మారి మాట ముద్దగా రావడం, ఊపిరి తీస్తుంటే శబ్దం రావడం, నాలుక కింద నల్లగా ఉబ్బడం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా 108 కు ఫోన్ చేయండి. నాలుక కింది వైపు గాయాలకు నేను ఎక్కువగా భయపడతాను, ఎందుకంటే లోతైన రక్తనాళాలూ లాలాజలం తెచ్చే నాళమూ అటువైపే ఉంటాయి. అలాగే నోట్లో వేపపుల్లో పెన్సిలో పెట్టుకుని పరుగెత్తి పడిన పిల్లల అంగిలి వెనుక గుచ్చుకున్న చిన్న రంధ్రాన్ని తక్కువగా చూడకండి. రక్తం రాకపోయినా ఆ లోతులో మెడ పెద్ద ధమని ఉంటుంది, దవాఖానాలో చూపించి తీరాలి.

నాలుక పక్కన తెగితే మూర్ఛను కూడా గుర్తుంచుకోవాలి. ఫిట్స్ వచ్చిన మనిషి పళ్ళ మధ్య చెంచాలు, గుడ్డలు దూరిస్తే పళ్ళు విరగడం తప్ప ప్రయోజనం లేదు, చేతిలో తాళంచెవులు పెట్టినా ఒరిగేదేమీ లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆగేదాకా దగ్గర ఉండండి, నాలుక సంగతి తరువాత చూడవచ్చు. దెబ్బ ఏదీ తగలకుండానే నిద్ర లేచేసరికి నాలుక పక్కన తెగి, పడుకున్న పక్కబట్టలు మూత్రంతో తడిసి ఉంటే రాత్రి నిద్రలో ఫిట్స్ వచ్చి ఉండవచ్చని అనుమానించాలి.

చివరిగా, గాయం చిన్నదే అయినా రక్తం ఆగని వాళ్ళ సంగతి. గుండెకు స్టెంట్ వేసుకుని రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు, గుండె వాల్వు మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోం మాత్ర వాడేవారు నాలుక తెగిందని ఆ మాత్రలను సొంతంగా ఆపకూడదు. అరగంట నొక్కి, ఆగకపోతే మందుల చీటీతో సహా దవాఖానాకు రావాలి. చిన్నపిల్లల్లో ఆగినట్టే ఆగి, రెండో రోజు, మూడో రోజు మళ్ళీ సన్నగా కారుతూ ఉండే రక్తం నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. హిమోఫీలియా వంటి, రక్తం గడ్డకట్టని జబ్బులు మొట్టమొదట బయటపడేది ఇలా నోటిలోని చిన్న గాయంతోనే కావచ్చు. హిమోఫీలియా ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తుంది, తల్లి వైపు మేనమామల్లో ఎవరికైనా ఉందేమో అడగాలి. ఇలాంటి వేరే జబ్బులు కొన్ని మేనరికం పెళ్ళిళ్ళ కుటుంబాల్లో ఎక్కువ. చెవులు కుట్టించినప్పుడు చాలాసేపు రక్తం కారిందా, ఊరికే కమిలిన మచ్చలు వస్తుంటాయా, దెబ్బ లేకుండా మోకాలు వాచిందా అన్న మూడు ప్రశ్నలకు మీరు జవాబు గుర్తు చేసుకోండి. ఒక్కదానికైనా అవునంటే, గాయం మానినా రక్తపరీక్ష చేయించండి. చేను నుంచి వచ్చిన మనిషికి దెబ్బ లేకుండానే చిగుళ్ళ నుంచి, నాలుక నుంచి రక్తం కారుతుంటే అది నోటి జబ్బు కాదు, రక్తపింజర కాటు కావచ్చు. కాలి మీద గాట్లు వెతుకుతూ కూర్చోకుండా పాము విరుగుడు మందు ఉన్న దవాఖానాకు తీసుకుపోవాలి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళ కోసం ఇది కూడా చెప్పి ముగిస్తాను. మిషన్ భగీరథ నల్లా నీళ్లు రాకముందు బోరు నీళ్లు తాగి పెరిగిన మన నల్లగొండ తరం వారిలో ఫ్లోరైడు వల్ల పెళుసుబారిన పళ్ళు అంచులు విరిగి రంపంలా తయారవుతాయి, నాలుక పక్కన అదే చోట మళ్ళీ మళ్ళీ గీసుకుంటాయి. ఆ అంచును దంతవైద్యుడు ఐదు నిమిషాల్లో అరగదీస్తే పుండు రెండు వారాల్లో మానాలి. మానకపోతే, ముఖ్యంగా గుట్కా, ఖైనీ, బీడీ అలవాటు ఉన్నవారిలో, దానిని పంటి గాటు అనుకుంటూ నెలలు గడపకూడదు. చిన్న ముక్క తీయించి క్యాన్సర్ పరీక్షకు పంపించాలి.

మీ బాబు నోరు తెరిచినప్పుడు చీలిక అంచులు ఆనుకున్నాయో లేదో, నాలుక పక్క అంచు తెగిందో లేదో చూసి రాయండి, రాత్రి లోపు జవాబిస్తాను.